సిల్క్‌సాంగ్ ఇప్పుడు కొనొచ్చా, ఆగాలా?

గోదారిగట్టు:
2017లో హాలో నైట్ వీడియోగేమ్ వచ్చినప్పుడు ఇంజనీరింగ్‌లో ఉన్నాను. రెండుసార్లు పూర్తి చేశాను. దాని తర్వాతి ఆట సిల్క్‌సాంగ్‌ను 2019లో ప్రకటించారు, ఎదురుచూసి ఎదురుచూసి చివరికి 2025 సెప్టెంబరు 4న వచ్చింది. ఈలోపు నాకు ఉద్యోగం, పెళ్లి, ఏడాది పాప. రాత్రి పది దాటాక గంట దొరికితే గొప్ప. మరీ కష్టంగా ఉందంటున్నారు. కొనమంటారా?

హార్నెట్‌ఫ్యాన్:
కళ్లు మూసుకుని కొనండి అన్నా. పెద్ద కంపెనీలు ఒక్కో ఆటకు 70 డాలర్లు అడుగుతున్న రోజుల్లో ఇది 20 డాలర్లే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కొద్దిమంది కూర్చుని చేసిన ఆట ఇది. విడుదల రోజు పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమే కాసేపు పడిపోయింది.

పాతకంట్రోలర్:
ధర గురించి కాదు కదా ఆయన అడిగింది. నేను కొన్నాను, ఇరవై గంటలు ఆడి ఆపేశాను. మొదట్లో మన ప్రాణానికి లెక్కగా ఐదు మాస్క్‌లు ఉంటాయి. బాస్‌లు, అంటే పెద్ద శత్రువులు, చాలావరకు ఒక్క దెబ్బకు రెండు తీసేస్తాయి. అంటే మూడు దెబ్బలకు ప్రాణం పోతుంది. నాలుగు ముక్కలు వెతికి ఆరో మాస్క్ తెచ్చుకున్నా మళ్లీ మూడు దెబ్బలే. అంత తిరిగి ఏం సాధించినట్టు?

హార్నెట్‌ఫ్యాన్:
సగమే చెప్తున్నావు. పాత ఆటలో నిలబడి ఒక్కో మాస్క్ నింపుకోవాలి. ఇందులో ఒకేసారి మూడు నిండుతాయి, గాల్లో ఉండి కూడా.

పాతకంట్రోలర్:
దానికి శత్రువుల్ని తొమ్మిది దెబ్బలు కొట్టి దారం, అంటే ఆ శక్తి, నింపుకోవాలి. అదీ చెప్పు.

వానాకాలం:
నా బాధ వేరే. కిందికి కొడితే మనం ఆడే పాత్ర హార్నెట్ ఏటవాలుగా దూకుతుంది. పాత అలవాటు పోక ముళ్ల మీద పడి చస్తున్నాను.

హార్నెట్‌ఫ్యాన్:
కొట్టే తీరును మార్చే వాండరర్ క్రెస్ట్ తెచ్చుకో, నేరుగా కిందికి కొడుతుంది.

వానాకాలం:
అది దొరికేదాకా?

చిత్తూరు_చిన్నోడు:
కొత్తగా వచ్చింది ఏదీ వెంటనే కొనొద్దు. ఆర్నెల్ల కింద ఒక షాపులో కొత్త మోడల్ కంట్రోలర్ తీసుకున్నాను. రెండు నెలలకే స్టిక్ దానంతటదే ఎడమకు లాగడం మొదలైంది. పట్టుకెళ్తే మేం మార్చం పొమ్మన్నారు. నాలుగు వేలు బూడిదలో పోసిన పన్నీరు.

వానాకాలం:
దానికీ ఆటకీ ఏం సంబంధం?

హైవే65:
రెండు గంటల్లోపు ఆడి, కొన్న 14 రోజుల్లో అడిగితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. నచ్చకపోతే ఇచ్చేయండి.

పాతకంట్రోలర్:
మొదటి రెండు గంటల్లో ఏం తెలుస్తుంది? అసలు నరకం కోట గేటు దగ్గర కాపలా ఉండే లాస్ట్ జడ్జ్ అనే బాస్ దగ్గర. ఓడిన ప్రతిసారీ చివర కూర్చున్న బెంచీ దగ్గర లేచి, ఎగిరే పురుగుల్ని తప్పించుకుంటూ ఆ ఇసుక మెట్లన్నీ ఎక్కాలి. ఫైట్ నిమిషంలో అయిపోతుంది, మళ్లీ నడక. గోదారిగట్టు గారూ, మీకున్న ఆ గంట నడకకే సరిపోతుంది.

హార్నెట్‌ఫ్యాన్:
ఓపిక లేనివాళ్లు కొనకండి. కొని ఆటను తిట్టకండి.

పాతకంట్రోలర్:
ఓపిక గురించి నాకు చెప్పకు. రెండేళ్ల కింద బైక్ మీంచి పడి కుడి మణికట్టులో ప్లేటు వేశారు. బొటనవేలు ముందులా కదలదు. దెబ్బ వస్తోందని కళ్లకు తెలుస్తుంది, వేలు అందుకునేసరికి ఆలస్యమవుతుంది. యాభైసార్లు కాదు, ఐదొందలసార్లు ఆడినా ఆ వేలు అంతే. సెలెస్ట్ అనే ఇంకో ఆటలో అసిస్ట్ మోడ్ ఉంది, వేగం తగ్గించుకోవచ్చు. ఆన్ చేయనివాళ్లకు అది ఎప్పటిలాగే కష్టం. ఇక్కడ అలాంటి ఒక్క ఆప్షన్ పెడితే ఎవరి సొమ్ము పోయింది?

హార్నెట్‌ఫ్యాన్:
చేతి సంగతి నాకు తెలీదు, సారీ అన్నా. కానీ నా మాటా వినండి. మూడుసార్లు గ్రూప్స్ రాశాను, మూడుసార్లూ పోయింది. ఇంట్లో నాతో మాట్లాడటమే తగ్గించేశారు. ఆ జడ్జ్ దగ్గర 41 సార్లు ఓడాను. 42వసారి గెలిచినప్పుడు తెల్లవారుజామున మూడైంది, ఒక్కణ్నే కూర్చుని ఏడ్చాను. అందరూ దాటాల్సిన బాస్‌నే నేనూ దాటాను, ఎవరూ నాకోసం తగ్గించలేదు. విడుదలయ్యాక ఇచ్చిన ప్యాచ్‌లో మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే బాస్‌లను కొంచెం తేలిక చేశారని చదివినప్పుడు నాది ఏదో లాక్కున్నట్టే అనిపించింది.

పాతకంట్రోలర్:
నీ గెలుపు నీదే తమ్ముడూ. నేను అడిగేది గెలుపు కాదు. ఆ గేటు అవతల కోట ఎలా ఉంటుందో చూడాలి. ఆరేళ్లు ఎదురుచూశాను.

హైవే65:
జడ్జ్ లేకుండానే కోటకు వెళ్లే దారి ఉందన్నా, మిస్ట్ అనే ప్రాంతం గుండా. కాకపోతే అక్కడా ఒక బాస్ ఉంటుంది.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. ఒక్కటి చెప్పండి, పాప లేస్తే మధ్యలో ఆపొచ్చా?

వానాకాలం:
పాజ్ చేయొచ్చు. పూర్తిగా బయటికొస్తే మాత్రం చివర కూర్చున్న బెంచీ దగ్గర మొదలవుతుంది. సంపాదించినవి ఎక్కడికీ పోవు.

గోదారిగట్టు:
అయితే శనివారం కొంటాను. ఏడాది పట్టినా సరే, నెమ్మదిగా ఆడుకుంటాను.

హార్నెట్‌ఫ్యాన్:
పాతకంట్రోలర్ అన్నా, ఆప్షన్ విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ మీరు ఆడేది పీసీలోనే అయితే, జడ్జ్ అయిపోయి కోటలో అడుగుపెట్టిన చోటు సేవ్ ఫైల్ నా దగ్గర ఉంది. పంపనా?

పాతకంట్రోలర్:
పీసీనే. పంపు. ఏ ఫోల్డర్‌లో వేయాలో కూడా చెప్పు.