ట్రాక్టర్ బుకింగ్ యాప్‌ను రెండోసారి ఎవరూ వాడట్లేదు, ఏం చేయాలి?

తెనాలి చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్ అద్దెకు తీసుకునే యాప్ ఒకటి ముగ్గురం కలిసి చేశాం. 14 నెలల్లో 610 మంది వేసుకున్నారు, రెండోసారి బుక్ చేసింది 23 మందే. ఒకసారి నంబర్ దొరికాక నేరుగా డ్రైవర్‌కే ఫోన్ చేస్తున్నారు. తప్పు వాళ్లది కాదులెండి, నేనైనా అదే చేస్తాను.

ట్రాక్టర్ యజమానులు అడిగేది వేరే: ఎవరు ఎన్ని గంటలు దున్నించుకున్నారు, ఎంత బాకీ, ఆ లెక్క ఫోన్‌లో ఉంటే చాలట. బుకింగ్ వదిలేసి అటు మళ్లాలా? గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట 2012లో మూతపడితే, దాని తయారీలో వాడుకున్న చాట్ టూలే తర్వాత స్లాక్ (ఆఫీసుల్లో టీమ్‌లు మాట్లాడుకునే యాప్) అయింది. సరే, కానీ అడిగినవాళ్లు నిజంగా డబ్బు కడతారో లేదో కోడ్ రాయకముందే ఎలా తేల్చుకోవాలి? చేతిలో నాలుగు నెలలకు సరిపడా డబ్బే ఉంది, టెన్షన్‌గా ఉంది. ఇలా మళ్లినవాళ్లుంటే చెప్పండి.