లక్ష్మణ్‌కి ‘ఒత్తిడి’ మార్కులు వేయాలా, వద్దా?

నిర్వాహకుడు
కొత్త సీజన్ వేలానికి ముందే ఇది తేలిపోవాలి. అన్ని కాలాల టెస్ట్ ఆటగాళ్లనీ వేలంలో కొని కంప్యూటర్‌లో మ్యాచ్‌లాడించే మన ఆల్‌టైమ్ టెస్ట్ సిమ్ లీగ్‌లో ఇప్పటిదాకా బ్యాటర్ రేటింగ్ అంటే కెరీర్ సగటే. ఆ లెక్కన ఆస్ట్రేలియా బ్యాటర్ ఆడమ్ వోజెస్ 61.87, లక్ష్మణ్ 45.97. ఉప్పల్ ఎండ్ గారి ప్రతిపాదన ఏంటంటే, ప్రతి బ్యాటర్‌కీ సున్నా నుంచి పది దాకా ‘ఒత్తిడి’ మార్కు విడిగా ఉండాలి. ఫాలోఆన్‌లో (బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి వచ్చినప్పుడు) గానీ, ఛేజింగ్‌లో ఏడు వికెట్లు పడ్డాక గానీ, మ్యాచ్ నడిపే ఇంజిన్ దాన్ని కలుపుకోవాలి. మార్కులు వేసేది మనమే, ఓటింగ్‌తో. ఆదివారం రాత్రి థ్రెడ్‌కి తాళం వేస్తాను, ఈలోపు కొట్టుకోండి.

ఉప్పల్ ఎండ్
అన్నా, సిమ్‌ల వోజెస్ సెంచరీల మీద సెంచరీలు కొడుతుంటే లక్ష్మణ్ ముప్పైకి ఔటైతుండు. నవ్వాల్నా, ఏడ్వాల్నా? 2001 ఈడెన్ యాద్ జేస్కోండ్రి. ఆస్ట్రేలియా 445 కొట్టింది, మనోళ్లు 171కే ఆలౌట్, ఫాలోఆన్. ఆరో నంబర్ల 59 కొట్టినోణ్ని రెండో ఇన్నింగ్స్‌ల మూడుకి పంపితే 281 కొట్టిండు. ద్రవిడ్‌తోని 376 పార్ట్‌నర్‌షిప్. 2010ల కొలంబోల 257 ఛేజింగ్, 103 నాటౌట్. గదే ఏడాది మొహాలీల టార్గెట్ 216, 124కి ఎనిమిది పోయినయ్. నడుం నొప్పితోని, రన్నర్‌ని పెట్టుకొని 73 నాటౌట్, ఒక్క వికెట్‌తోని గెలిచినం. ఈ ఇన్నింగ్స్‌కీ, డ్రా ఖాయమైన మ్యాచ్‌ల ఆఖరి రోజు కొట్టే 73కీ సగటు ఒక్క తీర్గనే మార్కులేస్తది. గిదేం న్యాయం?

లెక్కల మాస్టారు
ఉప్పల్ గారూ, ఆ 281 ఎక్కడికీ పోలేదండీ. ఆయన కెరీర్ మొత్తం 8,781 పరుగుల్లో ఉంది. దానికి మళ్లీ మార్కులు వేస్తే ఒకే ఇన్నింగ్స్‌కి రెండుసార్లు జీతం ఇచ్చినట్టు. పైగా మనకి గుర్తుండేవన్నీ గెలిచిన ఇన్నింగ్సే. 2011లో ఇంగ్లండ్‌లో, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో మన జట్టు ఎనిమిది టెస్టులకి ఎనిమిదీ ఓడింది. లక్ష్మణ్ బ్యాట్ నుంచి ఒక్క సెంచరీ లేదు. అది ఒత్తిడి కాదా? ఓటింగ్ పెడితే ఆ ఎనిమిది టెస్టులు ఎవరికీ గుర్తురావు.

అసలు జబ్బు లక్ష్మణ్ అంకెలో లేదు, వోజెస్ అంకెలో ఉంది. ఆయన ఆడింది 20 టెస్టులు, 31 ఇన్నింగ్స్, ఔటైంది 24 సార్లు. వెస్టిండీస్ మీద 542 పరుగులు చేసి ఒక్కసారే ఔటయ్యాడు. ఆ ఒక్క జట్టునీ పక్కన పెడితే మిగిలేది 943 పరుగులు, 23 ఔట్లు. సగటు 41.

నేను చెప్పే మందు ఇదీ: ప్రతి బ్యాటర్ లెక్కకీ 40 ఉత్తుత్తి ఔట్లు, ఒక్కోదానికి 35 పరుగుల చొప్పున కలపండి. ఎక్కువ ఆడినవాడికి దానివల్ల పెద్ద తేడా రాదు, తక్కువ ఆడినవాడు మామూలు మనిషికి దగ్గరవుతాడు. వోజెస్ 61.87 నుంచి 45.1కి దిగుతాడు. లక్ష్మణ్ 44.1, ద్రవిడ్ 50. పదిహేడు టెస్టుల్లో 54.20 ఉన్న కాంబ్లీ 41.4.

ఫాలోఆన్
మాస్టారూ, బ్రాడ్‌మన్‌కి కూడా అదే మందు పోసి చూశారా? 6,996 పరుగులు, 70 ఔట్లు. మీ 40 కలిపితే 76.3! 99.94ని 76 చేసే ఫార్ములాతో నడిచే లీగ్‌లో నేనుండను. ఆయన్ని వేలంలో కొన్నది నేనే, అది వేరే సంగతి.

లెక్కల మాస్టారు
మీరు కొన్నారు కాబట్టే నొప్పి. 76కీ ద్రవిడ్ 50కీ మధ్య ఎంత దూరముందో చూడండి, ఆయన సింహాసనానికేం ఢోకా లేదు. 40 ఎక్కువనిపిస్తే 20 పెట్టుకోండి. బ్రాడ్‌మన్ 85.5కి ఎక్కుతాడు. కానీ వోజెస్ కూడా 49.7కి లేస్తాడు, లక్ష్మణ్ 44.9 దగ్గరే ఆగుతాడు. ఏది కావాలో మీరే తేల్చుకోండి. రెండూ ఒకేసారి కుదరవు.

న్యూజెర్సీ బాబాయ్
ఇక్కడ అమెరికాలో స్ట్రాట్-ఓ-మాటిక్ అని బేస్‌బాల్ ఆట ఉంది, 1961 నుంచీ కార్డులు, పాచికలతో ఆడుతున్నారు. బ్యాటింగ్ కార్డు గణాంకాల్లోంచే వస్తుంది. ఫీల్డింగ్‌కి మాత్రం 1 నుంచి 5 దాకా రేటింగ్, 1 అంటే మేటి. అందులో మనుషుల అంచనా కూడా ఉంటుంది. కాబట్టి చేత్తో మార్కులు వేయడమే పాపం అనను. కాకపోతే అక్కడ మార్కులు వేసే కంపెనీకి నీ లీగ్‌లో జట్టు ఉండదు. ఇక్కడ ఓటేసే ప్రతివాడికీ జట్టుంది. ఉప్పల్ బాబూ, లక్ష్మణ్‌కి పదికి పది వేస్తావు, సరే. నా జట్టులో పాకిస్తాన్ మియాందాద్ ఉన్నాడు. ఆయనకెంత వేస్తావు?

ఉప్పల్ ఎండ్
ఆరు.

న్యూజెర్సీ బాబాయ్
అదిగో, విన్నారుగా!

గల్లీ కీపర్
ఒత్తిడికి మార్కులిస్తే వికెట్ల మధ్య పరుగుకి కూడా ఇవ్వాలి మరి. లక్ష్మణ్‌కి అందులో ఎంత వేద్దాం? మొహాలీలో రన్నర్‌గా వచ్చిన రైనాకి వేద్దామా?

ఉప్పల్ ఎండ్
గల్లీ తమ్మీ, స్లిప్‌ల 135 క్యాచులు పట్టిండు, గవి గూడ లెక్కపెట్టు మరి.

సరే, ‘ఒత్తిడి’ పేరు పక్కన పెట్టుండ్రి. ఎవల మీద కొట్టిండన్నది చూస్తరా, చూడరా? ఆస్ట్రేలియా మీద 29 టెస్టులు, 2,434 పరుగులు, 49.67. మామూలు సగటు కంటే ఎక్కువ. చానమంది సగటు పడిపోయే జట్టు మీద ఈయనది పెరిగింది. గా 2001 సిరీస్‌ల అటుదిక్కు మెక్‌గ్రాత్, వార్న్, గిలెస్పీ. వోజెస్ 542 కొట్టింది ఏ బౌలింగ్ మీద? గిది ఓటింగ్ గాదు, లెక్కనే గదా మాస్టారూ.

లెక్కల మాస్టారు
ఇది లెక్కే. దీనికి నేను రెండు చేతులూ ఎత్తి ఒప్పుకుంటాను. ఐసీసీ రేటింగ్స్ చేసేదీ అదే. ఎదురుగా ఉన్న బౌలర్ల రేటింగ్‌ని బట్టి పరుగుల విలువ మారుతుంది. కొత్త బ్యాటర్‌కి పూర్తి పాయింట్లు రావాలంటే 40 ఇన్నింగ్స్ ఆడాలి. నా ఉత్తుత్తి ఔట్లు చేసే పనీ ఇంచుమించు అదే. వోజెస్ 31 దగ్గరే ఆగిపోయాడు. బ్రాడ్‌మన్ 80 ఆడాడు, 961 పాయింట్లతో ఇప్పటికీ పైనున్నది ఆయనే. ఫాలోఆన్ గారు కుదుటపడొచ్చు.

ఫాలోఆన్
కుదుటపడేదేముంది! ఆయన 52 టెస్టుల్లో 37 ఇంగ్లండ్ మీదే. ప్రత్యర్థి బలం అనగానే ‘రెండు మూడు జట్ల మీదే ఆడాడు’ అని ఎవడో ఒకడు లేస్తాడు. ఎంత కోస్తారో ముందే చెప్పండి.

నిర్వాహకుడు
సరే, తాళం వేస్తున్నా. ‘ఒత్తిడి’ మార్కు లేదు. ‘ఆరు’ అన్న జవాబు చూశాక ఓటింగ్ పెట్టే ధైర్యం నాకు లేదు. ఈ సీజన్‌కి మాస్టారి పద్ధతే, 40 ఔట్లు. ప్రత్యర్థి బౌలింగ్ బలం కూడా కలుపుతాం గానీ వచ్చే సీజన్ నుంచే. పట్టిక తయారుచేయడానికి టైం పడుతుంది. వేలం మొదలయ్యాక ఎవరి అంకె మీదా పిటిషన్లు తీసుకోను. బ్రాడ్‌మన్ ఓనరు కావాలంటే ఆయన్ని వేలంలో తిరిగి పెట్టుకోవచ్చు.

ఫాలోఆన్
పెట్టను.

గల్లీ కీపర్
ఫీల్డింగ్ థ్రెడ్ ఎప్పుడు తెరుస్తారన్నా? నా దగ్గర సోల్కర్ ఉన్నాడు. 27 టెస్టుల్లో 53 క్యాచులు, షార్ట్ లెగ్‌లో నిలబడి. ఇంజిన్‌కి ఆయన 25 సగటు బ్యాటర్ అని తప్ప ఇంకేమీ తెలీదు.