ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత క్లైమేట్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మెట్టచేను_ఫిజిక్స్ (అనంతపురం)

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్‌లో ఉన్నాను. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, వాన పడితేనే వేరుశనగ, బోరు లేదు. నాకు వానల మీద రీసెర్చ్ చేయాలని గట్టిగా ఉంది. ఇంట్లో మాత్రం బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు, వాళ్ల భయం నాకు అర్థమవుతోంది కాబట్టి గట్టిగా కాదనలేకపోతున్నాను. మీటియరాలజీ (వాతావరణ శాస్త్రం) సబ్జెక్టుగా ఎప్పుడూ చదవలేదు, సీ లాంగ్వేజ్ కొంచెం వచ్చు, పైథాన్ రాదు. ఫెలోషిప్ కోసం నెట్ పరీక్ష ఏ సబ్జెక్టులో రాయాలి? ఇంటి నుంచి పైసా తీసుకోకుండా ఫెలోషిప్ మీదే ఐదారేళ్లు నెట్టుకురావచ్చా? పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో సీటు రాకపోతే ఈ దారిలోకి రావడమే దండగా? తెలిసినవాళ్లు చెప్పండి, ఈ టెన్షన్‌తో చదువు మీద మనసు నిలవడం లేదు.

ప్రొద్దుటూరు_అక్క (ఇప్పుడు పుణె)

తమ్ముడూ, ముందు ఆ మీటియరాలజీ భయం తీసేయి. ఈ రంగంలో చాలామంది ఫిజిక్స్, లెక్కల నుంచి వచ్చినవాళ్లే. సులోచనా గాడ్గిల్ గారు అప్లయిడ్ మ్యాథమెటిక్స్‌లో పీహెచ్‌డీ చేసి రుతుపవనాల్లోకి వచ్చారు, బెంగళూరు ఐఐఎస్సీలో పనిచేశారు. అనంతపురం ప్రాంతంలో వేరుశనగ ఎప్పుడు విత్తితే నష్టం తగ్గుతుందో వానల రికార్డులు, పంట మోడల్ కలిపి చూసిన పని కూడా ఆవిడదే, ఆవిడ తోటివాళ్లదే. దాన్ని వెతికి చదువు, మీ చేను గురించి ఒక సైంటిస్టు ఎలా ఆలోచిస్తారో తెలుస్తుంది.

నెట్ సంగతి. సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ ఉంది కానీ అందులో జియాలజీ, జియోఫిజిక్స్, మీటియరాలజీ, ఓషనోగ్రఫీ అన్నీ కలిసి ఉంటాయి, కొత్తగా మొదలుపెట్టేవాడికి చాలా బరువు. నీ చేతిలో ఉన్న ఫిజికల్ సైన్సెస్‌లోనే రాయి, చాలాచోట్ల ఆ పేపర్ పాసైనవాళ్లనూ తీసుకుంటారు. గేట్ పరీక్ష కూడా పెట్టుకో, దాని ఎక్స్ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్‌లో అట్మాస్ఫియరిక్ అండ్ ఓషనిక్ సైన్సెస్ ఒక సెక్షన్. నెట్‌తో వచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000, హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) వేరే. బతకొచ్చు, ఇంటికి కొంత పంపొచ్చు కూడా. అయితే డబ్బు కొన్నిసార్లు నెలల తరబడి ఆగుతుంది, అందుకే మొదటి నుంచీ కొంచెం వెనకేసుకో. నెట్ పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత కూడా వస్తుందని నాన్నతో చెప్పు. మా ఇంట్లో ఆ ఒక్క మాటతోనే ఒప్పుకున్నారు.

కర్నూలు_లెక్చరర్

ఇన్‌స్టిట్యూట్ పేర్లు తర్వాత చూసుకోవచ్చు బాబూ. ముందు ఒక ప్రశ్న పట్టుకో, అదీ మీ ఊరి ప్రశ్న. వేరుశనగకు ఊడలు దిగే సమయంలో నేలలో పదును లేకపోతే కాయ పట్టదని మీ నాన్నకు తెలుసు. ఆ దశలో వాన ఎన్నాళ్లు మొహం చాటేస్తోంది, ఆ ఎడం పెరుగుతోందా? దీనికి కావలసిన డేటా ఉచితం. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) పుణె సైట్‌లో 1901 నుంచి రోజువారీ వర్షపాతం, దేశాన్ని అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ గళ్లుగా విడగొట్టి పెట్టారు, ఏడాదికో ఫైలు. పైథాన్‌లో ఇలాంటి డేటా కోసం ఉన్న ఎక్స్అర్రే (xarray) లైబ్రరీ నేర్చుకుంటే అనంతపురం మీది గడిని విడదీయడం పెద్ద పని కాదు. సముద్రం మీద, డేటా లేని చోట -999 అని రాసి ఉంటుంది, దాన్ని తీసేయకుండా సగటు కడితే వాన మైనస్‌లో వస్తుంది. రోజుకు 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే వాన పడ్డ రోజుగా లెక్క. ఇక జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరసగా ఎండిన రోజులు ఏ ఏడాది ఎన్ని వచ్చాయో గ్రాఫ్ గీయి.

గీత పైకి పోయిందని సంబరపడి రాసేయొద్దు. వందేళ్లలో వర్షమాపకాల సంఖ్య మారింది, పాత లెక్కలకూ కొత్త లెక్కలకూ మధ్య తేడాలో కొంత దానివల్ల కూడా రావచ్చు. గడి సగటులో కుండపోత వానలు పలచబడతాయి. ఈ అనుమానాలు పెట్టుకోవడమే నిజమైన ట్రైనింగ్, పీహెచ్‌డీ కోర్స్‌వర్క్ దీనికి పునాది మాత్రమే వేస్తుంది.

ఇంకో సంగతి, సీజన్ సగటును నమ్మి ఆగిపోవద్దు. 2009 ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) ఏడాది, దేశమంతా కలిపి నైరుతి వాన 22 శాతం తక్కువ. ఆ ఏడాది అక్టోబర్ మొదట్లోనే మా కర్నూలు తుంగభద్ర వరదలో మునిగింది. కరువు ఏడాదిలో మునక ఎలా వచ్చిందని నా విద్యార్థులను ఇప్పటికీ అడుగుతాను, మంచి ప్రశ్న అనిపిస్తుంది.

గాదంకి_రాడార్

పై ఇద్దరూ డేటా, మోడల్ వైపు చెప్పారు, ఇంకో దారి కొలతలది. తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) ఉంది, అంతరిక్ష శాఖ కింద నడుస్తుంది, అక్కడ పై వాతావరణ పొరలను చూసే ఎంఎస్టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. గాలి పైకి కిందికి కదిలే తీరును నేరుగా చూడొచ్చు. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు ఇది చాలా దగ్గరి పని, అనంతపురానికి మరీ దూరం కూడా కాదు. అడ్వర్టైజ్‌మెంట్లు చూస్తూ ఉండు. వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీలో మీటియరాలజీ డిపార్ట్‌మెంట్ ఎప్పటినుంచో ఉంది, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) సముద్రం మీద పనిచేస్తుంది, చిన్న ప్రాజెక్టులకూ అవకాశం ఉంటుంది.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన దగ్గర ఇప్పుడున్న విద్యార్థులతో మాట్లాడు. ఎన్నేళ్లకు థీసిస్ ఇచ్చారు, పేపర్‌లో మొదటి పేరు ఎవరిది, సెలవు అడిగితే ఏమంటారు, ఈ మూడూ అడుగు. పెద్ద పేరున్న చోట పట్టించుకోని గైడ్ కంటే చిన్న చోట రోజూ ఐదు నిమిషాలు కూర్చునే గైడ్ వెయ్యి రెట్లు మేలు.

మెట్టచేను_ఫిజిక్స్

అందరికీ చాలా థ్యాంక్స్. సార్, నా దగ్గర 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్ ఉంది, 1901 నుంచి అన్ని ఫైళ్లూ దాంట్లో నడుస్తాయా?

కర్నూలు_లెక్చరర్

నడుస్తాయి. అన్నీ ఒకేసారి తెరవకు, ఒక్కో ఏడాది ఫైలు తెరిచి మీ గడి ఒక్కటే తీసుకుని మూసేయి. చివరికి మిగిలేది చిన్న ఫైలే. కోడ్ ఎక్కడైనా ఆగితే ఎర్రర్ మెసేజ్ ఇక్కడే పెట్టు, చూస్తాను.