విశాఖలో సెప్టిక్ ట్యాంక్ బండి: ఏ కాగితాలు అడగాలి, ఎంతవరకు తీయించాలి?

మధురవాడ అసోసియేషన్
మాది 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. యూజీడీ (భూగర్భ మురుగు) లైను మా వీధిదాకా రాలేదు, సెప్టిక్ ట్యాంకే దిక్కు. తీయించడానికి ఇద్దరిని అడిగాం. ఒకరు లోడుకింత అన్నారు. ఇంకొకరు అడుగు కనపడేదాకా కడిగిస్తాం అని గుత్తకు చెప్పారు. లైసెన్సు ఏదంటే బండి ఆర్సీ చూపించారు. ఏ కాగితాలు అడగాలి? లోడు లెక్క ఎలా చూసుకోవాలి? ఎన్నేళ్లకోసారి తీయించాలి? బ్యాక్టీరియా పొడి వేస్తే తీయించే పనే ఉండదంటున్నారు, నిజమేనా?

గాజువాక బండి
లోడు లెక్క నేను చెప్తాను. ఎక్కడికెళ్లినా మమ్మల్ని దొంగల్లా చూసేది దీని దగ్గరే. ట్యాంకు లోపలి పొడవు, వెడల్పు, నీటి లోతు మీటర్లలో కొలిచి మూడూ గుణించండి. వచ్చినదాన్ని 1000తో గుణిస్తే లీటర్లు. 4 × 2 × 1.5 అయితే 12,000 లీటర్లు. 5,000 లీటర్ల బండి అంటే 5,000 పట్టదు. నురగ పొంగి వాక్యూమ్ పంపులోకి పోకుండా పైన ఖాళీ వదలాలి. కాబట్టి మూడు లోడ్లు.

నాలుగో లోడు ఎందుకొస్తుందో కూడా వినండి. మేం లాగుతున్నంతసేపూ పైన ఫ్లాట్లలో స్నానాలు, బట్టలు ఉతకడం ఆగవు. ఓవర్‌హెడ్ ట్యాంకు వాల్వు కట్టేయాలి. సోక్ పిట్ (ట్యాంకు నీరు నేలలోకి ఇంకే గుంట) నిండిపోయి ఉంటే అక్కడి నీరు అవుట్‌లెట్ పైపులోంచి వెనక్కి ట్యాంకులోకే వస్తుంది. ఆ పైపుకి గుడ్డ కుక్కి బిగించాకే లాగడం మొదలుపెట్టాలి. ఈ రెండూ చెయ్యకుండా బండివాడు మోసం చేశాడంటే ఒప్పుకోను.

కోడ్ బుక్ సివిల్
సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470 మొదటి భాగం చదవనివాళ్లు ట్యాంకు గురించి సలహాలిస్తే ఇలాగే ఉంటుంది. 1985 నాటి కోడ్ అది, నాకు పేజీలతో సహా నోటికొచ్చు. వెడల్పు 750 మి.మీ.కి తగ్గకూడదు. నీటి మట్టం కింద లోతు కనీసం 1 మీటరు, సామర్థ్యం కనీసం 1,000 లీటర్లు. పొడవు వెడల్పుకి రెండు నుంచి నాలుగు రెట్లు. 2,000 లీటర్లు దాటితే మధ్యలో అడ్డుగోడ, మొదటి గది మొత్తంలో మూడింట రెండు వంతులు. మధురవాడ వాళ్లు ముందు రెండు గదులకీ విడివిడిగా మూతలున్నాయో లేదో చూసుకోండి. ఒక్క మూతే ఉంటే బండివాడు ఒక గదే లాగి వెళ్లిపోతాడు, మీకు తెలియను కూడా తెలియదు.

ఇక అడుగు కనపడేలా కడిగించడం తప్పు. 25 మి.మీ. మందాన మడ్డి అడుగున వదలమని కోడ్ చెప్తోంది. పాలకు తోడులాగా అది కొత్తగా వచ్చే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్ని అందిస్తుంది. ఫినాయిలు, యాసిడు పోసి కడిగితే అవి చచ్చి, కొన్నాళ్లు పచ్చి మురుగే సోక్ పిట్‌లోకి పోతుంది.

ఎంవీపీ సెక్టార్
25 మి.మీ. వదలాలని మీరిక్కడ రాస్తే, దాన్ని చూపించి రెండడుగులు వదిలేస్తారు మాస్టారూ. మా పక్క బిల్డింగుల్లో జరిగేది అదే. పైన తేట నీరు లాగేస్తారు, మడ్డి కదలదు, మూడు నెలలకే చాంబర్లు పొంగుతాయి. పూర్తిగా ఊడ్చి కడగమనే మేం అడుగుతాం, డబ్బు దానికే ఇస్తున్నాం.

గాజువాక బండి
అమ్మా, పూర్తిగా ఊడ్చాలంటే ఎలా ఊడుస్తారు? గొట్టం అడుగుదాకా దించినా మూలల్లో గట్టిపడ్డ మడ్డి రాదు. ఇసుక, సిమెంటు, ప్యాడ్లు, ప్లాస్టిక్ కవర్లు ఉంటే అసలే రాదు. మనిషి దిగి పారతో తోస్తేనే వస్తుంది. మీరు ఊడ్చమంటారు, మేం దించుతాం. తర్వాత కేసు మా మీద.

పరవాడ సేఫ్టీ
పైన బండి ఓనర్ గారు రాసిన ఆఖరి మూడు వాక్యాలే మన ఊళ్లో చావులకు మూలం. మనిషిని దించడం మీ పనిలో భాగం కాదు. పాకీ పనిని నిషేధించే 2013 చట్టంలో 7వ సెక్షన్, నేరుగా గానీ ఇంకొకరి ద్వారా గానీ, ఎవరినీ సెప్టిక్ ట్యాంకు ప్రమాదకర శుభ్రతకు పెట్టకూడదంటుంది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, 5 లక్షలు. నాన్ బెయిలబుల్. పని చెప్పిన అసోసియేషన్ కూడా తప్పించుకోలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు పనిలో మరణానికి పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది.

కోడ్ బుక్ సివిల్
చట్టాన్ని సగమే చెప్తున్నారు. ప్రమాదకర శుభ్రత అంటే రక్షణ పరికరాలు ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా చేయించడమని నిర్వచనంలోనే ఉంది. పరికరాలిచ్చి దించడాన్ని చట్టం పూర్తిగా నిషేధించలేదు.

పరవాడ సేఫ్టీ
ఆ పరికరాలేంటో రాయండి మరి. మీరు రాయరు కాబట్టి నేనే రాస్తాను. ట్రైపాడ్ (ముక్కాలి స్టాండు), వించ్ (తాడు చుట్టి పైకి లాగే చక్రం), ఒంటినిండా హార్నెస్ (బెల్టు), తాడు, గాలి కొట్టే బ్లోయర్, బయటి నుంచి గాలి అందించే ఎయిర్‌లైన్ మాస్క్, నాలుగు గ్యాసులు కొలిచే మీటరు, పైన ఇద్దరు మనుషులు. గాజువాక నుంచి భీమిలి దాకా ఏ ప్రైవేటు బండి మీద ఇవన్నీ కనిపిస్తున్నాయి? ముక్కుకి కట్టే గుడ్డ, గాలిని వడకట్టే కార్ట్రిడ్జ్ మాస్క్ ఇక్కడ పనికిరావు. కార్ట్రిడ్జ్ విషవాయువుని ఆపొచ్చేమో గానీ లేని ఆక్సిజన్‌ని పుట్టించదు.

గాజువాక బండి
గంట ముందు మూతలు తీసి పెడతాం. దీపం దించి చూస్తాం. దీపం ఆరకపోతే గాలి ఉన్నట్టే. పెద్దవాళ్ల కాలం నుంచి పద్ధతి ఇదే.

పరవాడ సేఫ్టీ
దీపం మాట ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పకండి, దయచేసి. మీథేన్ గాలిలో 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. అది తేలిక కాబట్టి స్లాబు కిందే పేరుకుంటుంది, అంటే మీరు దీపం దించే దారిలోనే. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగున ఉంటుంది. మనిషిని చంపేంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. వాసన బట్టి తెలుస్తుందనుకోవద్దు, 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దగ్గర ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయిందంటే గ్యాసు పోయిందనుకుని దిగుతారు.

మూతలు గంట ముందు తీయడం మొదటి మెట్టే. మడ్డిని కదిపిన క్షణంలో దానిలో చిక్కుకున్న గ్యాసు ఒక్కసారిగా బయటపడుతుంది. దిగేటప్పుడు బాగున్న గాలి పార వేశాక బాగుండదు. మీటరు ట్యూబుని పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా ఉంచి చూడాలి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య, పేలుడు వాయువు కనీస పేలుడు హద్దులో (మీథేన్‌కి పైన చెప్పిన 5 శాతం) 10 శాతం లోపు, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం లోపు. పని జరుగుతున్నంతసేపూ మీటరు నడవాలి. సెన్సర్లు రెండు మూడేళ్లకు అరిగిపోతాయి, పరీక్ష గ్యాసుతో సరిచూడని మీటరు బొమ్మతో సమానం.

ఇంకొకటి. ఒకరు పడిపోతే పైనున్నవాడు పరుగున దిగుతాడు, వాడూ పోతాడు. మొదటివాడి హార్నెస్‌కి తాడు ఉంటే రెండోవాడు దిగాల్సిన పనే ఉండదు.

ఎంవీపీ సెక్టార్
మేం మనుషుల్ని దించమని అడగలేదు. శుభ్రంగా చేయమన్నాం. రెంటినీ ఒకటి చేసి మాట్లాడకండి.

కార్మిక పక్షం
రెండూ ఒకటే మేడమ్. 'అడుగు కనపడాలి' అని గుత్త మాట్లాడగానే ఒక మనిషిని లోపలికి పంపినట్టే. ఆ పనికి ఎవరిని పిలుస్తారో, ఏ కులంవాళ్లని పిలుస్తారో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ నుంచి పాకీ పనికి పెట్టడం కూడా నేరమే.

మధురవాడ అసోసియేషన్
అర్థమైంది. అడుగు కనపడేలా అన్న గుత్త వద్దని చెప్పేశాం. మరి మడ్డి నిజంగా తీశారో లేదో పైనుంచే ఎలా తెలుసుకోవాలి?

కోడ్ బుక్ సివిల్
పొడుగాటి పీవీసీ పైపు కింద మూడడుగులకి తెల్ల తువ్వాలు చుట్టి దారంతో కట్టండి. అవుట్‌లెట్ వైపు మూతలోంచి అడుగు తగిలేదాకా దించి, నాలుగైదు నిమిషాలు ఉంచి, నిదానంగా తీయండి. నల్లగా అంటుకున్న ఎత్తే మడ్డి మందం. పైన తెట్టుకి ఇంకో కర్ర, చివర అడ్డంగా చిన్న చెక్క కొట్టి, తెట్టు కిందికి తోసి పైకి లాగితే తెట్టు అడుగు ఎక్కడుందో చేతికి తగులుతుంది. తెట్టు అడుగు అవుట్‌లెట్ పైపు కింది అంచుకి 75 మి.మీ. దగ్గరకి వచ్చినా, మడ్డి, తెట్టు కలిసి లోతులో మూడో వంతు దాటినా తీయించాలి. మామూలుగా రెండు మూడేళ్లకోసారి వస్తుంది. ఈ కొలత బండి రాకముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి. బయట నిలబడే చేయండి, తల మూత మీదికి వంచొద్దు, సిగరెట్టు వద్దు.

గాజువాక బండి
ఈ కొలతకి నేనూ ఒప్పుకుంటాను. మడ్డి గట్టిగా ఉంటే మనిషి లేకుండా తీసే పద్ధతి ఉంది, ఖర్చవుతుంది అంతే. ముందు సగం నీరు లాగి, పంపు వాల్వు తిప్పి అదే నీటిని ఒత్తిడితో మడ్డిలోకి కొట్టాలి. కలిశాక మళ్లీ లాగాలి. లేదా ఒత్తిడితో నీళ్లు చిమ్మే జెట్టింగ్ గొట్టం దించాలి. కలిపేటప్పుడు మా కుర్రాళ్లు మూతకి దూరంగా, గాలి ఎటునుంచి వస్తుందో అటువైపు నిలబడాలి. లోడు రేటుకి ఇది గిట్టుబాటు కాదు. గంట అదనంగా పడుతుంది, దానికి డబ్బివ్వండి, మనిషిని దించం.

కొండవాలు ఇళ్లవాళ్లకి ఒక మాట. బండి రోడ్డు మీద, ట్యాంకు కిందా ఉంటే నిలువు ఎత్తు 6, 7 మీటర్లు దాటితే ఏ పంపూ లాగలేదు. గొట్టం ఎంత పొడవైనా జోడించుకోవచ్చు గానీ ఎత్తు కుదరదు.

పెందుర్తి బోరు
ఇంతసేపూ ట్యాంకులోంచి తీయడం గురించే. తీసింది ఎక్కడ పోస్తున్నారు? అసలు ప్రశ్న అదీ. రాత్రి పూట గెడ్డల్లోకి వదిలేస్తున్నారు. మేహాద్రిగెడ్డ నీళ్లు తాగే ఊరు ఇది. నీటి కాలుష్య చట్టం, 1974లో 24వ సెక్షన్ వాగులోకి, బావిలోకి ఇలాంటివి వదలడాన్ని నిషేధిస్తోంది. లైసెన్సు కాగితం చూసి మురిసిపోకండి. శుద్ధి కేంద్రంలో పోసినట్టు తేదీ, బండి నంబరు, లీటర్లు, అక్కడి సంతకంతో చీటీ అడగండి. చీటీ వచ్చాకే సగం డబ్బు ఇవ్వండి.

గాజువాక బండి
శుద్ధి కేంద్రం దూరం, డీజిలు ఖర్చు మీరిస్తారా? గెడ్డలో పోసేవాడు మాకంటే తక్కువ రేటు చెప్తాడు, జనం వాణ్ణే పిలుస్తారు.

పెందుర్తి బోరు
ఇస్తాం. బిల్లులో ఆ ఖర్చు విడిగా రాయండి, ఇస్తాం. అడుగు లేని వరల గుంటలు కట్టి సెప్టిక్ ట్యాంకు అని చెప్పుకునేవాళ్ల సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి. సోక్ పిట్‌కీ, బోరుకీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి కదా?

కోడ్ బుక్ సివిల్
అవును, 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు. మీ 60 గజాల ప్లాట్లలో అది ఎలా కుదురుతుందో చెప్పండి. అందుకే ఆ పేటలకి మురుగు లైనే పరిష్కారం.

బీచ్ వైపు, ఇసుక నేలల్లో ప్లాస్టిక్ ట్యాంకు పెట్టినవాళ్లు వానాకాలంలో ఖాళీ చేయించకండి. భూగర్భ జలం పైకొచ్చి ఖాళీ ట్యాంకుని పైకి లేపుతుంది, పైపులు విరుగుతాయి. తప్పనిసరైతే తీసిన వెంటనే మంచినీళ్లతో అవుట్‌లెట్ మట్టందాకా నింపండి.

మధురవాడ అసోసియేషన్
పొడి సంగతి ఎవరూ చెప్పలేదు. అలాగే మా గాలి గొట్టం మొదటి అంతస్తు బాల్కనీ పక్కనే ఆగిపోయింది, వాసన, దోమలు రెండూ ఉన్నాయి.

కార్మిక పక్షం
14420 హెల్ప్‌లైనుకి ఫోన్ చేసి కూడా బండి అడగొచ్చు, ముందు అది ప్రయత్నించండి.

కోడ్ బుక్ సివిల్
పొడి ఇసుకనీ, ప్లాస్టిక్‌నీ తినదు. రోజూ ట్యాంకులోకి పోయేదాంట్లోనే కావలసినన్ని సూక్ష్మజీవులుంటాయి. ఆ డబ్బు గొట్టానికి పెట్టండి. కనీసం 50 మి.మీ. పైపు, బిల్డింగు దగ్గర్లోనే ఉంది కాబట్టి టెర్రస్ మీద నుంచి ఇంకో 2 మీటర్లు పైకి. చివర దోమతెర, తుప్పు పట్టనిది. తెర మీద దుమ్ము పేరుకుంటే గాలి ఆగి వాసన బాత్‌రూముల్లోంచి వస్తుంది, ఏడాదికోసారి విప్పి కడగాలి.