"అనేకమైన దెబ్బలు": బైబిల్ వాక్యం ఉన్నదున్నట్టు పెట్టాలా?

అనువాదకురాలు:
గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను, సాయం కావాలి.

అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో బోస్టన్‌లో అచ్చు వేయించిన ఆత్మకథలో తొమ్మిదో అధ్యాయం తెలుగు చేస్తున్నాను. మేరీల్యాండ్‌లో సెయింట్ మైకేల్స్ అనే ఊరు. అక్కడ అతని యజమాని థామస్ ఆల్డ్. ఈ ఆల్డ్ 1832 ఆగస్టులో మెథడిస్టు క్రైస్తవులు ఆరుబయట జరిపే ప్రార్థన సభకి (క్యాంప్ మీటింగ్) వెళ్ళి మారుమనస్సు పొంది వస్తాడు. ఇప్పుడైనా మమ్మల్ని విడిచిపెడతాడేమో, కనీసం కాస్త దయగా చూస్తాడేమో అని డగ్లస్ ఆశపడతాడు. జరిగింది వేరు. మూడు పూటలా ప్రార్థనలు, ఇంటినిండా పాస్టర్లు, వాళ్ళకి విందులు. బానిసలకి మాత్రం కడుపు మాడ్చడమే. పైగా ముందుకంటే క్రూరంగా తయారయ్యాడు.

ఆ ఇంట్లో హెన్నీ అనే అవిటి అమ్మాయి ఉంది. పసితనంలో నిప్పుల్లో పడి చేతులు కాలిపోయాయి, ఏ పనికీ వంగవు. ఆల్డ్ ఆమెను పొద్దున్నే కట్టేసి పచ్చితోలు కొరడాతో కొట్టి, టిఫిన్ చేసి, దుకాణానికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి వచ్చి మళ్ళీ కొట్టేవాడు. కొడుతూ ఒక వచనం చెప్పేవాడు. లూకా 12:47. మన తెలుగు బైబిల్లో అది ఇలా ఉంది: "తన యజమానుని చిత్తమెరిగి యుండియు సిద్ధపడక, అతని చిత్తముచొప్పున జరిగింపక ఉండు దాసునికి అనేకమైన దెబ్బలు తగులును."

ఇదే తెచ్చి ఆల్డ్ నోట పెట్టేయనా? లేక నేనే సొంతంగా అనువదించనా? ఇంకోటి, "దాసుడు" అంటే సరిపోతుందా, "బానిస" అనాలా?

మాస్టారు:
అమ్మా, ఇందులో ఆలోచించడానికేముంది? బైబిల్ వాక్యం వచ్చినచోట ప్రచారంలో ఉన్న తెలుగు బైబిల్నే వాడాలి. పాఠకుడికి వినగానే "అరె, ఇది వాక్యమే" అని తట్టాలి. మీరు వ్యావహారికంలో రాస్తే ఆ గంభీరత పోతుంది, ఆల్డ్ వేషం తెలియదు. నా ఓటు పాత తెలుగుకే.

సముద్రతీరం:
ఇంగ్లీషు బైబిల్లో ఈ దెబ్బలకి "స్ట్రైప్స్" అని ఉంది. అంటే చారలు కదా, దెబ్బలు ఎలా అవుతాయి? వాతలు అనొచ్చేమో.

మాస్టారు:
కొరడా తగిలాక ఒంటిమీద తేలేవి ఆ చారలే బాబూ. పాత ఇంగ్లీషులో దెబ్బకీ వాతకీ కలిపి అదే మాట. యెషయా 53లో "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అన్నచోటా ఇంగ్లీషులో ఇదే మాట ఉంది. మనవాళ్ళు రెండు చోట్లా "దెబ్బలు" అనే పెట్టారు, మంచి పని చేశారు. క్రీస్తు తిన్నదీ హెన్నీ తిన్నదీ ఒకే మాటలో వినబడుతుంది. దాన్ని కదపకండి.

సెమినరీ విద్యార్థి:
మాస్టారూ, దెబ్బల విషయంలో మీతో ఏకీభవిస్తాను, మిగతాదాంట్లో కాదు. అక్కా, ఆగండి. ఆల్డ్ చెప్పింది అసలు బైబిల్లో ఉన్న వాక్యమేనా అని మీరు సరిచూశారా?

డగ్లస్ రాసిన ఇంగ్లీషు మాటకి మాట ఇలా వస్తుంది: "తన యజమాని చిత్తం తెలిసీ దాన్ని చేయనివాడు అనేకమైన దెబ్బలు తింటాడు." వాళ్ళ చేతుల్లో ఉన్న 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఉన్నది ఇది: "తన ప్రభువు చిత్తం తెలిసి, సిద్ధపడకుండా, ఆ చిత్తం ప్రకారం చేయకుండా ఉన్న ఆ దాసుడు అనేకమైన దెబ్బలు తింటాడు." తేడా చూడండి. బైబిల్లో "లార్డ్" ఉంది, ఆల్డ్ నోట్లో "మాస్టర్" అయింది. "ఆ దాసుడు" అన్నది ఎగిరిపోయి "చేయనివాడు ఎవడైనా" అయింది. "సిద్ధపడకుండా" అన్నది పూర్తిగా మాయం.

నాకనిపించేది ఏంటంటే, ఇందులో యాకోబు పత్రిక (బైబిల్లోని ఒక ఉత్తరం) 4:17 కలిసిపోయింది. "మేలైనది చేయనెరిగియు ఆలాగు చేయనివానికి పాపము కలుగును" అన్న ఆ వచనం ఇంగ్లీషు నడక అచ్చం ఇదే. నోటికొచ్చిన రెండు వచనాలు కలిసి సామెతలా తయారైనట్టుంది. ఇది నా ఊహే, ఒట్టు వేయమంటే వేయలేను.

అనువాదకురాలు:
తమ్ముడూ, ఇది నేను చూడనే లేదు! అంటే డగ్లస్ గుర్తున్నంతవరకు రాశాడంటావా?

సెమినరీ విద్యార్థి:
డగ్లస్ ఒక్కడిదే అయితే అలా అనుకోవచ్చు. కానీ 1831లో వర్జీనియాలో తిరుగుబాటు చేసిన నాట్ టర్నర్ వాంగ్మూలంలోనూ ఈ వాక్యం ఇదే ఆకారంలో ఉంది. అక్కడా "మాస్టరే", అక్కడా "చేయనివాడే". వేరే రాష్ట్రం, వేరే మనిషి, పద్నాలుగేళ్ళ ముందు అచ్చయిన మాట. కాబట్టి ఇది ఎవరి మతిమరుపూ కాదు, అమెరికా దక్షిణాదిలో జనం నోళ్ళలో ఆ రూపంలోనే తిరిగినట్టుంది.

టర్నర్ సంగతి ఇంకా చిత్రం. తిరుగుబాటుకి ముందెప్పుడో పారిపోయి ముప్ఫై రోజులు అడవిలో ఉండి, తనంతట తానే వెనక్కి వచ్చేస్తాడు. తోటి బానిసలు తిడతారు, మాకే నీ తెలివుంటే లోకంలో ఏ యజమానికీ చాకిరీ చేయం అంటారు. ఎందుకొచ్చావంటే ఆత్మ కనబడి ఈ వచనం చెప్పిందంటాడు. అక్కడ మాస్టర్ దేవుడు. అందుకే అచ్చులో పెద్దక్షరంతో ఉంది. ఆల్డ్ దగ్గర అదే మాట ఆల్డ్ గురించి! అయితే టర్నర్ మాటల్ని రాసుకున్నది థామస్ గ్రే అనే తెల్ల లాయరు, ఆ అక్షరం అతను పెట్టిందే అయుండాలి.

మాస్టారు:
మన లిపిలో పెద్దక్షరాలు లేవు. అక్కడ "ప్రభువు" ఇక్కడ "యజమాని" అని విడదీస్తే ఆ రెండు ముఖాల ఆట పోతుంది. ఒకే మాట పెడితే ఎవరో తెలియదు. చిక్కే.

అట్లాంటా అక్క:
ఈ మాస్టర్ ఆట, బానిసత్వం నుంచి తప్పించుకున్న హ్యారియట్ జేకబ్స్ 1861లో వేసిన ఆత్మకథలో కూడా ఉంది. నార్త్ కరొలైనా. టర్నర్ తిరుగుబాటు తర్వాత యజమానులు భయపడి, బానిసలకి మతబోధ చేయిస్తే మనల్ని చంపరని ఒక రెవరెండ్‌ని పెట్టారు. ఆయన దాసులు యజమానులకి లోబడాలన్న ఎఫెసీ 6:5 తీసి, భూమ్మీది మాస్టర్‌కి ఎదురుతిరిగితే పరలోకపు మాస్టర్‌కి కోపం వస్తుందని ప్రసంగం. మరి నాలుగు వచనాలు కిందకి వెళ్తే "వారిని బెదిరించుట మాని" అని యజమానులకే చెప్పింది ఉంది కదా, అది వాళ్ళకి గుర్తుకొచ్చినట్టు లేదు. జేకబ్స్ వాళ్ళు మాత్రం ఆ ప్రసంగం విని నవ్వుకుంటూ ఇంటికెళ్ళారట, మళ్ళీ వినాలనుకున్నారట. ఆ నవ్వు నాకు చాలా ఇష్టం.

మా జార్జియా కథ ఒకటి. లిబర్టీ కౌంటీలో చార్ల్స్ కోల్‌కాక్ జోన్స్ అనే పాస్టరు 1833లో, ఒక బానిసని యజమాని దగ్గరికి తిరిగి పంపుతూ పౌలు రాసిన ఫిలేమోను పత్రిక తీసి, పారిపోవడం తప్పు అని బానిసలకి బోధించాడు. సగంమంది లేచి వెళ్ళిపోయారు. అసలు అలాంటి పత్రిక బైబిల్లో లేనే లేదని కొందరు ఖచ్చితంగా చెప్పేశారు. ఇదంతా ఆయనే రాసుకున్నాడు. చదువు రానివ్వని మనుషులు వాక్యాన్ని పరీక్షించిన తీరు అది.

సముద్రతీరం:
వాళ్ళకోసం వేరే బైబిల్ అచ్చు వేశారని, అందులో ఇశ్రాయేలీయులు బానిసత్వం నుంచి బయటపడే నిర్గమకాండం చాలావరకు తీసేశారని విన్నాను. ఇక్కడ అదేనా?

అట్లాంటా అక్క:
కాదండీ. అది 1807లో లండన్‌లో, కరీబియన్‌లోని బ్రిటిష్ దీవుల బానిసల కోసం వేసింది. ఆల్డ్‌కి అంత శ్రమ అక్కర్లేదు, ఒక్క వచనం చాలు.

సెమినరీ విద్యార్థి:
ఆ ఒక్క వచనమూ పూర్తిగా చదివితే ఆల్డ్‌కే తగులుతుంది. అక్కా, "ఆ దాసుడు" అన్నాను చూశారా, మూలమైన గ్రీకులోనూ "ఆ" ఉంది. ఆ అంటే ఏ దాసుడు? రెండు వచనాలు పైకి వెళ్ళండి. 45: యజమాని రావడం ఆలస్యమైందనుకొని "దాసులను దాసీలను కొట్టి, తిని త్రాగి" మత్తుగా ఉన్న దాసుడు. అంటే ఇంటి పెత్తనం చేతికొచ్చింది కదా అని కింది వాళ్ళని బాదినవాడు. అనేకమైన దెబ్బలు మొదట వాడికి. దాసీని కట్టేసి కొడుతూ ఆల్డ్ చెప్పిన వచనం దాసీలను కొట్టినవాడి గురించినది!

మన తెలుగులో 45లో "ఆ దాసుడు" ఉంది గానీ, 47కి వచ్చేసరికి "ఆ" లేదు, "దాసునికి" అంతే. అందుకే మనం కూడా దాన్ని విడిగా, ఏ పనివాడికైనా వర్తించే మాటలా చదివేస్తాం.

మాస్టారు:
ఇది దెబ్బే. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. తెలుగు బైబిల్ వాక్యం తెచ్చి పెడితే, ఆల్డ్ చెడగొట్టిన దాన్ని మనం బాగుచేసి ఇచ్చినట్టవుతుంది.

"దాసుడు" గురించి కూడా చెప్తాను. మనకి దాసుడంటే హరిదాసు, రామదాసు. ధనుర్మాసంలో గుమ్మం ముందు నిలబడితే చేటలో బియ్యం తెచ్చి పోసే గౌరవం ఆ మాటకుంది. బానిసకి అది లేదు. మూలంలో ఉన్న గ్రీకు మాట దూలోస్‌కి అర్థం బానిసే. ఇంగ్లీషులోనూ అదే కథ: కింగ్ జేమ్స్ బైబిల్లో "స్లేవ్" అన్న మాట రెండే చోట్ల వస్తుంది, మిగతా చోట్ల ఎక్కువగా "సర్వెంట్". దక్షిణాది దొరలు కూడా మర్యాదకి తమ బానిసల్ని సర్వెంట్లు అనేవారు. అందుకే వచనం చేతికి గ్లవ్‌లా సరిపోయింది.

అనువాదకురాలు:
అయితే డగ్లస్ కథనంలో అంతటా "బానిస", వచనాల్లో మాత్రం "దాసుడు". ఆల్డ్ వాక్యంలో ఎలాగూ ఆ మాటే లేదు, హమ్మయ్య. పాత తెలుగు వాసన ఉంచుతూ ఇలా రాశాను:

"తన యజమానుని చిత్తమెరిగియు దాని చేయనివాడు అనేకమైన దెబ్బలు తినును."

సముద్రతీరం:
బాగుంది. కానీ హెన్నీ ఆడపిల్ల కదండీ, "చేయనివాడు" ఏంటి?

అనువాదకురాలు:
ఆల్డ్ అన్నది అదే. ఇంగ్లీషులోనూ మగవాడి గురించే ఉంది. ఎదురుగా కట్టేసి ఉన్నది ఎవరో కూడా చూసుకోకుండా చెప్పిన వచనం. "వాడు" అలాగే ఉంచుతాను. 45వ వచనం మాత్రం పేజీ అడుగున చిన్నక్షరాల్లో వేస్తున్నాను, ఎడిటర్‌గారు ఒప్పుకుంటే.

మాస్టారు:
చిన్నక్షరాలు వద్దమ్మా, మామూలు సైజులోనే వేయించు.