బట్ట టాప్ కారు: స్ప్రే కొట్టినా లోపలికి నీళ్లు వస్తున్నాయి, ఏం చేయాలి?

వానకారు, షార్లెట్:
అందరికీ నమస్కారం. నాది 2003 మాజ్డా మియాటా, పైకప్పు మడిచే రెండు సీట్ల కారు, నల్ల బట్ట టాప్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఎనిమిది నెలలైంది. మా అపార్ట్‌మెంట్‌లో వేరే చోటు లేక ఓక్ చెట్టు కిందే పెడుతున్నాను. వెనక అద్దం చుట్టూ నాచు పట్టి పచ్చగా అయిపోయింది. వాన పడితే నీళ్లు జారిపోవడం మానేసి బట్ట మొత్తం పీల్చేసుకుంటోంది, తడిసిన గోనెసంచిలా ఉంటుంది. పోయిన వారం రెండు రోజులు వరసగా పడింది, ప్యాసింజర్ సీటు వెనక కార్పెట్ పిండితే నీళ్లు కారాయి. వాటర్‌ప్రూఫ్ స్ప్రే రెండు డబ్బాలు కొట్టాను, లోపల తడి మాత్రం అలాగే ఉంది. ఇంతకంటే మంచి స్ప్రే ఏదైనా ఉంటే చెప్పండి, వాసన భరించలేకపోతున్నాను.

నల్లటాపు, న్యూజెర్సీ:
బ్రదర్, ఇంకో డబ్బా కొనకండి. ఈ టాపులు ఒకే పొర బట్ట కాదు. ఉదాహరణకి మసాచుసెట్స్‌లో హార్ట్జ్ కంపెనీ వాళ్లు చేసే స్టేఫాస్ట్ అనే టాప్ బట్టనే చూడండి, పైన అక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు, లోపల ఇంకో బట్ట, మూడూ కలిపి అతికించి ఉంటాయి. నీళ్లను ఆపేది ఆ మధ్య రబ్బరు. మీరు కొట్టే స్ప్రే పై నేత తడవకుండా, నాచు పట్టకుండా కాపాడుతుంది, అంతే. టాప్ చిరగకుండా, కుట్లు ఊడకుండా ఉంటే కార్పెట్ తడవడానికి కారణం దాదాపు ఎప్పుడూ వేరే చోట ఉంటుంది. మీ కారుకి సీట్ల వెనక, సీటు బెల్ట్ బయటికి వచ్చే నిలువు భాగాల (బెల్ట్ టవర్లు) దగ్గర రెండు పక్కలా డ్రెయిన్ రంధ్రాలుంటాయి, టాప్ మీద పడ్డ నీళ్లు వాటిలోంచే కిందికి, వెనక చక్రాల ముందు నుంచి బయటికి పోవాలి. చెట్టు కింద పెడుతున్నారు కాబట్టి ముందు అవి చూడండి. గడ్డి కోసే మిషన్‌లో వేసే నైలాన్ తీగ మెత్తగా తోయండి. ఇనుప తీగ వద్దు, గొట్టం చిల్లు పడుతుంది. గాలి ప్రెషర్ కూడా వద్దు, లోపల గొట్టం ఊడిపోతే అదో పెద్ద పని.

తడిఊరు, సియాటెల్:
డ్రెయిన్ గురించి అన్న చెప్పింది కరెక్ట్. నాచు సంగతి నేను చెప్తాను, ఇక్కడ అక్టోబర్ నుంచి మాకు అదే పని. ముందు పొడిగా ఉన్నప్పుడే వ్యాక్యూమ్ చేయండి, లేకపోతే ఆ దుమ్మంతా బురదై నేతలోకి దిగిపోతుంది. తర్వాత నీడలో పెట్టి, టాప్ బాగా తడిపి, కన్వర్టిబుల్ టాపుల కోసం అమ్మే క్లీనర్ వేసి మెత్తటి బ్రష్‌తో ముందు నుంచి వెనక్కి, నేత వెంటే రుద్దండి. గుండ్రంగా రుద్దితే పోగులు లేచిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం కడగడం. నేను మొదటిసారి నురగ పోయిందనుకుని ఆపేశాను, ఆరాక బ్రష్ తడిపి మళ్లీ రుద్దితే తెల్లగా నురగ వచ్చింది! సబ్బు నేతలో ఉండిపోతే దాని మీద ఏ స్ప్రే కొట్టినా పట్టదు, మీ రెండు డబ్బాలు అలా కూడా పోయి ఉండొచ్చు. బ్లీచ్ దగ్గరికి రానివ్వకండి, కుట్టు దారం చివికిపోతుంది.

వానకారు:
గిన్నెలు తోమే లిక్విడ్‌తోనే కడిగి అదే రోజు సాయంత్రం స్ప్రే కొట్టాను అండి. అది తప్పా?

తడిఊరు:
ఆ లిక్విడ్ జిడ్డుతో పాటు పాత కోటింగ్‌ని కూడా లాగేస్తుంది. పైగా సాయంత్రానికి బట్ట లోపల ఆరదు. ఒక రోజు పూర్తిగా ఎండనివ్వండి. తర్వాత అద్దాలకు, పెయింట్‌కు పేపరు కప్పి, గాలి లేని రోజు చూసి, పలచగా ఒక కోటు, అది ఆరాక ఇంకో కోటు. నేను 303 ఫ్యాబ్రిక్ గార్డ్ అనే స్ప్రే వాడతాను, దానికి వెచ్చటి వాతావరణం కావాలి, చలిలో కొడితే పట్టదు. బయటే కొట్టండి, గ్యారేజీ మూసుకుని మాత్రం వద్దు.

ఎర్రథార్, హైదరాబాద్:
ఇక్కడ మాకు నాచు కాదు, దుమ్ము బాధ. నాది థార్ సాఫ్ట్ టాప్. మా ఏరియాలో వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే కుర్రాడు ప్రెషర్ గన్ టాప్‌కి జానెడు దూరంలో పెట్టి కొట్టాడు, కుట్టు దగ్గర బట్ట తెల్లగా చీలికలు లేచింది. అప్పటి నుంచి ఇంట్లోనే బకెట్‌తో కడుగుతున్నాను. ప్లాస్టిక్ కిటికీలున్న వాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి, అమోనియా ఉన్న అద్దాల క్లీనర్ వాటికి వాడితే మసకబారిపోతాయి. దుమ్ము మీద పొడి గుడ్డ అసలు వేయొద్దు, గీతలు పడితే పోవు.

లారీఇల్లు, కాకినాడ:
మా ఇంట్లో లారీలుండేవి, కార్ల సంగతి నాకు అంతగా తెలియదు కానీ సరుకు మీద కప్పే పట్టాల సంగతి తెలుసు. కాన్వాస్ పట్టా కారేది ఎప్పుడూ కుట్టు దగ్గరే, సూది దిగిన ప్రతి చోటా ఒక చిల్లు ఉంటుంది కదా. మా నాన్న వానాకాలం ముందు కుట్ల వెంట మైనం రుద్దేవారు. తడిగా మడిచి పెడితే మాత్రం ఊరుకునేవారు కాదు, మూడు రోజుల్లో నల్ల బూజు చుక్కలు వచ్చేవి, అవి ఎంత ఉతికినా పోవు. మీ కారు టాప్ కూడా తడి మీద మడవకండి తమ్ముడూ.

నల్లటాపు:
పెద్దాయన మాట నిజం. కార్లకైతే మైనం బదులు సీమ్ సీలర్ దొరుకుతుంది, కుట్టు మీద సన్నగా రాస్తే చాలు. వానకారు గారూ, డ్రెయిన్ బాగున్నా తడి వస్తే డోర్ రబ్బర్ల మీద టాల్కమ్ పౌడర్ పూసి, ఒకరు లోపల కూర్చోండి, ఇంకొకరు పైపుతో కింది నుంచి పైకి మెల్లగా నీళ్లు పోయాలి. పౌడర్ మీద చార ఎక్కడ పడితే దారి అదే.

వానకారు:
శనివారం పొద్దున చేశాను. డ్రైవర్ వైపు రంధ్రంలో నీళ్లు పోస్తే వెంటనే కింద పడ్డాయి. ప్యాసింజర్ వైపు చెంబుడు పోశాను, అలాగే నిలబడిపోయాయి. నైలాన్ తీగ ఒక జానెడు దిగి ఆగింది. తిప్పుతూ తోస్తూ పది నిమిషాలు కూర్చున్నాక గుటగుటమని శబ్దం వచ్చి చక్రం ముందు నల్లటి బురద కారింది, కుళ్లిన ఓక్ ఆకులు, చిన్న కాయ పెంకులు కూడా. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కార్పెట్ ఎత్తి చూస్తే కింద స్పాంజి ఇంకా నానే ఉంది, తీసి బాల్కనీలో ఆరేశాను.

తడిఊరు:
స్పాంజి పూర్తిగా ఆరేదాకా కార్పెట్ వేయకండి. కింద రేకు తుప్పు పట్టిందేమో కూడా చూడండి.

వానకారు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రేకు మీద అరచేయంత తుప్పు ఉంది, గీకి ప్రైమర్ వేశాను. టాప్ కడగడానికి నాలుగు సార్లు నీళ్లు పట్టింది, ఆఖరి సారి గానీ నురగ ఆగలేదు. ఒక రోజంతా ఎండనిచ్చి రెండు కోట్లు కొట్టాను. నిన్న రాత్రి పెద్ద వాన. పొద్దున వెళ్లి చూస్తే టాప్ మీద నీళ్లు పెసర గింజల్లా నిలబడి ఉన్నాయి, వేలితో తోస్తే జారిపోతున్నాయి. సీటు వెనక టిష్యూ పేపరు పెట్టి వెళ్లాను, పొడిగా ఉంది. వెనక అద్దం దగ్గర నాచు మరక కొంచెం మిగిలిపోయింది, అది రెండోసారి కడిగితే పోతుందా?