లడ్డూ వద్దన్నానని పక్కింటి అక్క మాట్లాడడం లేదు

మాది తిరుపతి, కొర్లగుంట. మూడేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. మొన్న పక్కింటి అక్క కొండకెళ్లొచ్చి, ఎప్పటిలాగే సగం లడ్డూ కాగితంలో చుట్టి తెచ్చింది. గుమ్మంలోనే "మేం తినమక్కా" అనేశాను. నెయ్యి మరక పడిన ఆ పొట్లం పట్టుకుని అలాగే వెనక్కి తిరిగింది. "పెద్ద భక్తురాలివయ్యావులే" అని మెట్ల మీది నుంచి వినిపించింది. పన్నెండు రోజులుగా మాటల్లేవు. నా కాన్పుకి రాత్రి రెండింటికి ఆటో పిలిచింది ఈ అక్కే. విశ్వాసాన్ని దాచుకోలేను, ఆమెనూ వదులుకోలేను. ఏం చేయను?

జవాబు 1: తినకపోవడం తప్పు కాదమ్మా. బైబిల్లోని కొరింథు సంఘంలోనూ విగ్రహార్పితాల గురించే, అంటే విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించే గొడవ. మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు నిదానంగా చదువు. పౌలు అక్కడ ఎదుటివాళ్ల మనస్సాక్షి గురించే ఎక్కువ రాశాడు.

జవాబు 2: సాత్వికంతో సమాధానం చెప్పమన్నాడు పేతురు (మొదటి పేతురు 3:15). అక్కను గుమ్మంలోనే నిలబెట్టేశావు చెల్లీ, అదే నొప్పి. వెళ్లి క్షమించమని అడుగు. విశ్వాసానికి కాదు, మాట తీరుకి.

జవాబు 3: మాది చిత్తూరు. మా అత్తగారు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. వాదించలేదు నేను. కంటి ఆపరేషన్‌కి తోడెళ్లి, రోజూ చుక్కల మందు వేశాను. ఇప్పటికీ చర్చికి రారు, కానీ ఆదివారం నా పిల్లాడిని చూసుకుంటారు.

అడిగినావిడ: ఇవాళ సాయంత్రం వెళ్లాను. అక్క మల్లెపూలు కడుతోంది. పక్కన కూర్చుని దారం పట్టుకున్నాను. "కాఫీ తాగుతావా?" అంది.